బాబాయికి రూటు వేసిన ఐదు రోజులు

మొదటి రోజు, ఆదివారం

తెల్లవారుజామున నాలుగున్నరకు బెజవాడ స్టేషన్‌లో దిగేసరికి ప్లాట్‌ఫాం ఇంకా వెచ్చగానే ఉంది. ఏప్రిల్ రెండో వారం. రోళ్లు పగిలే రోహిణి కార్తెకు ఇంకా నెలన్నర టైముంది. మొగల్రాజపురం కొండ మాత్రం అంతదాకా ఆగదు, ఉగాది వెళ్లగానే పని మొదలుపెట్టేస్తుంది. పగలంతా ఎండ తాగి, రాత్రంతా ఆ వేడిని కింద ఇళ్ల మీదకు వదులుతూ ఉంటుంది. బాబాయి డాబా ఆ కొండ కిందే.

పిన్ని మా చెల్లెలి పురుటికి అమెరికా వెళ్లింది. ఆరు నెలల దాకా రాదు. బాబాయి ఒక్కడే ఉంటున్నాడు, తోడుగా ఇరవై ఏళ్ల నాటి షుగరు. పోయిన నెల ఒక గుడికి వెళ్లి, పట్టపగలు బండల మీద ప్రదక్షిణలు చేసొచ్చాడు. రాత్రి పడుకున్నాక దుప్పటి తడిగా ఉందేమిటా అని చూసుకుంటే అరికాళ్ల నిండా బొబ్బలు చితికి ఉన్నాయి. ఎప్పుడు కాలిందో ఆయనకు తెలియదు. షుగరు పాతబడితే కాళ్లలో నరాలు మొద్దుబారతాయి. వేడి తెలియదు, మేకు గుచ్చుకున్నా తెలియదు. కాలు కాలిన పిల్లి అని తేలిగ్గా అనేస్తాం గానీ, పిల్లికి కాలిన సంగతైనా తెలుస్తుంది.

పుళ్లు మానాయి. డాక్టరు గారు చీటీలో మందులన్నీ రాశాక కింద ఇంకో లైను రాశారు: రోజూ 40 నిమిషాలు నడక, చెప్పుల్లేకుండా వద్దు, ఎండలో వద్దు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దానికన్నా ఇది ఎక్కువే.

"ఎంతసేపు నడవాలో రాశాడు గానీ, ఎక్కడ నడవాలో రాయలేదమ్మా" అన్నాడు బాబాయి, చప్పటి కాఫీ చేతికిస్తూ. ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీ సిటీ బస్సు నడిపిన మనిషి. రూటు లేకుండా బండి తీయడు. నెల రోజులుగా తీయలేదు కూడా.

అందుకే ఐదు రోజులు సెలవు పెట్టి వచ్చాను, ఆయనకు రూటు వెతకడానికి.

డాబా మీదకు ఎక్కి చుట్టూ చూశాను. సెసిల్ కొనైనెండిక్ అని ఒక డచ్ నిపుణుడు 2021లో ఊళ్లకు ఒక చిన్న కొలత చెప్పాడు, 3-30-300 అని. ఇంట్లోంచి చూస్తే కనీసం మూడు చెట్లు కనబడాలి, పేటలో ముప్పై శాతం నేల మీద చెట్ల నీడ ఉండాలి, మూడు వందల మీటర్ల లోపల ఒక పార్కు ఉండాలి. బాబాయి డాబా మీంచి ఒక వేపచెట్టు, ఒక కొబ్బరిచెట్టు కనబడ్డాయి. మూడోది అనుకున్నది సెల్‌టవరు.

సాయంత్రం కృష్ణ ఒడ్డుకు వెళ్లాం. రాణిగారితోట వైపు రిటైనింగ్ వాల్ కట్టి, దాని పక్కన పార్కు చేశారు. ఆ గోడను తక్కువ చేసి మాట్లాడను. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన రోజున కృష్ణలంకను కాచింది అదే. పార్కు కూడా శుభ్రంగా ఉంది, పిల్లలు జారుడుబల్లల మీద ఉన్నారు, నది మీంచి గాలి వస్తోంది. అయితే దారంతా సిమెంటు, మొక్కలన్నీ భుజం ఎత్తులోనే. సాయంత్రం ఆరైనా పలకల్లో వేడి పోలేదు. చెప్పులు విప్పి నిలబడి చూశాను, నాలుగు అడుగులకే మళ్లీ వేసుకున్నాను.

"ఏంటి, కాలుతోందా?"

"కాలుతోంది బాబాయ్."

"నాకు తెలీట్లేదు." మామూలుగానే అన్నాడు. కాసేపు ఆగి, "ఈ మొక్కలు నీడనిచ్చేసరికి నీ కొడుక్కి పెళ్లవుద్ది" అన్నాడు. నాకింకా పెళ్లే కాలేదు.

రెండో రోజు, సోమవారం

ఆరింటికే బయలుదేరాం. పాత బస్టాండు దగ్గరి రాఘవయ్య పార్కు బాబాయికి తెలిసిన చోటే, డ్యూటీ రోజుల్లో టీ తాగి కూర్చునేవాడట. నడిచేవాళ్లు, నవ్వేవాళ్లు, యోగా వాళ్లు, చివర బెంచీల మీద పేపరు చదివేవాళ్లు. నడక బాగానే సాగింది. చిక్కల్లా అక్కడికి చేరుకోవడంలోనే. ఆటోకు పోనూ రానూ డబ్బులు, రోడ్డు దాటడానికి టెన్షన్. నడవడానికి ఆటో ఎక్కడమేమిటి అని బాబాయి గొణుగుడు. మూడు వందల మీటర్లు అని ఆ డచ్చాయన ఎందుకన్నాడో నాకు అక్కడ అర్థమైంది. ఇంటికి దగ్గరగా ఉంటేనే మనిషి రోజూ పోతాడు, లేకపోతే అది పండగలకు వెళ్లే చోటవుతుంది.

తిరిగొచ్చేటప్పుడు బందరు రోడ్డు మీద కాసేపు నడిచాం. అశోకుడు బాటకు ఇరువైపులా చెట్లు నాటించెను అని చిన్నప్పుడు అందరం వల్లెవేశాం. ఆ "ఇరువైపులా" అన్న మాటను ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. మన ఊళ్లలో చెట్లన్నీ రోడ్డు మధ్యన, డివైడరు మీద. వాటి నీడ కార్ల మీద పడుతుంది. నడిచేవాడు అంచున ఎండలో నడుస్తాడు. పైగా త్వరగా పచ్చగా కనబడాలని చాలాచోట్ల కోనోకార్పస్ పెట్టారు. దాని పుప్పొడితో అలర్జీలు వస్తున్నాయన్న భయంతో గుజరాత్ 2023లో దాన్ని నాటడం ఆపించింది. ఆరోగ్యం కోసం చెట్టు నాటేటప్పుడు ఏ చెట్టు, ఎక్కడ అని అడగకపోతే అది చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడమే.

"ఇదిగో, ఇది చూడు" అని బాబాయి ఒక బస్‌షెల్టరు చూపించాడు. మెరిసే స్టీలు కుర్చీలు, పైన రేకు. లోపల ఒక్క మనిషి లేడు. పది గజాల అవతల ఒక నిద్రగన్నేరు కింద పన్నెండు మంది నిలబడి ఉన్నారు. "నా సర్వీసు మొత్తం ఇంతే. షెల్టరు దగ్గర ఆపితే ఎవడూ ఎక్కడు, చెట్టు దగ్గర ఆపాలి." రేకు ఎండను ఆపుతుంది గానీ తాను కాలి, ఆ వేడిని మన నెత్తిన పోస్తుంది. ఆకు అలా కాదు, వేళ్లు లాగిన నీటిని ఆవిరిగా వదులుతూ తానూ చల్లబడుతుంది, చుట్టూ గాలినీ చల్లబరుస్తుంది. నిద్రగన్నేరైతే చీకటి పడగానే ఆకులు ముడుచుకుంటుంది కూడా, అందుకే ఆ పేరు.

మధ్యాహ్నం ఇంట్లోంచి కదల్లేదు. సాయంత్రం కాలవలు చూద్దామన్నాను.

బెజవాడలో పుట్టి పెరిగీ కాలవల్ని నేను ఎప్పుడూ అడ్డంగానే చూశాను, వంతెన మీంచి ముక్కు మూసుకుని. పొడవునా నడవడం ఇదే మొదటిసారి. 1852లో మొదలుపెట్టి 1855కు కృష్ణ మీద ఆనకట్ట కట్టారు. దాని చోటే 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కణ్నుంచి ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ మూడూ ఊరి మధ్యలోంచే పొలాలకు పోతాయి. ఒకప్పుడు వీటిలో సరుకు పడవలు తిరిగేవి. గుణదల వైపు పడవల రేవు అన్న పేరు ఇంకా మిగిలే ఉంది, పడవలు లేవు. ఏలూరు కాలవను 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో కలిపారు కూడా.

ఎండాకాలం కాబట్టి నీళ్లు తగ్గాయి, కడుపులో ఉన్నదంతా బయటపడింది. కవర్లు, దేవుడి పటాలు, ఒక చోట సోఫా. గుర్రపుడెక్క పట్టిన చోట నీరు కదలదు, దోమలు మాత్రం హాయిగా ఉంటాయి. గట్టు మీద కుక్కలు. అయినా ఒక పర్లాంగు పొడవున ఎవరో ఎప్పుడో పెట్టిన కానుగలు, రావిచెట్లు, ఒక మేడిచెట్టు వరుసగా ఉన్నాయి. కింద మట్టిబాట. ఒక ముసలాయన గాలం వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరాడవాళ్లు చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని గబగబా నడుస్తున్నారు, ఒకావిడ కాళ్లకు కొత్త స్పోర్ట్స్ షూ. చెప్పులు విప్పాను. మట్టి చల్లగా, మెత్తగా ఉంది.

"పార్కు స్టాపు లాంటిదమ్మా" అన్నాడు బాబాయి. "కాలవంటే రూటు."

ఆ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. నగరాల్లో ఆరోగ్యం కోసం చెట్లనీ, నీళ్లనీ వాడుకోవడాన్ని ఇప్పుడు ప్రకృతి ఆధారిత పరిష్కారాలు అంటున్నారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2016లో దానికి నిర్వచనం కూడా ఇచ్చింది. ఆ మాట వినగానే మన ఆఫీసుల్లో ముందు వచ్చే ఆలోచన కొత్త పార్కు, దానికి గేటు, గేటుకు పేరు. బెజవాడకు మాత్రం కొత్తగా స్థలం కొనక్కర్లేదు. డబ్బున్న పేటల్నీ లేని పేటల్నీ ఒకే దారానికి గుచ్చుకుంటూ మూడు కాలవలు ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు పోతున్నాయి. మురుగు కలవకుండా చూసి, గుర్రపుడెక్క తీసి, గట్లకు రెండు వైపులా చెట్లుంచి, మట్టిని మట్టిలా వదిలేస్తే చాలు. ఇది నేను అంటున్న మాట, ఇంజనీర్లు ఒప్పుకోకపోవచ్చు. గట్టు మీద చెట్టు వేళ్లూనితే గట్టుకు మంచిదా కాదా అన్న చర్చ వాళ్లలో ఎప్పుడూ ఉంటుంది.

ఏడు దాటాక గాలి తిరిగింది, వాసన భరించలేకపోయాం. "ముక్కు మూసుకుని నడిస్తే షుగరు తగ్గుద్దేమో గానీ బీపీ పెరుగుద్ది" అని బాబాయి బండి వెనక్కి తిప్పాడు.

మూడో రోజు, మంగళవారం

అజిత్‌సింగ్‌నగర్‌లో బాబాయికి పాత కండక్టరు స్నేహితుడు ఉన్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మావయ్యా అనే పిలుపు. వాళ్ల హాల్లో గోడకు కొత్త రంగు వేశారు, ఒక మూల మాత్రం కావాలనే వదిలేశారు. నా మెడ ఎత్తున గోధుమరంగు గీత. 2024 సెప్టెంబరు నాటి నీటి గీత.

బుడమేరు మైలవరం వైపు కొండల్లోంచి వచ్చి కొల్లేరులో కలిసే వాగు. మామూలు రోజుల్లో దాన్ని వాగని ఎవరూ అనుకోరు, పెద్ద మురుగుకాలవ అనుకుంటారు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరదను కృష్ణలోకి మళ్లించే ఏర్పాటు ఉంది. ఆగస్టు 31న పడ్డ వానకు ఆ మళ్లింపు కాలవకే గండ్లు పడ్డాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే కృష్ణ కూడా నిండు మీదుంది. అటు పోవాల్సిన నీరు ఊళ్లోకి వచ్చింది. మావయ్య వాళ్లు రోజుల తరబడి డాబా మీదే ఉన్నారు. డ్రోన్లు వచ్చి అన్నం పొట్లాలు దింపాయట. "పెళ్లిలో కూడా అంత మర్యాద జరగలేదు" అన్నాడు మావయ్య. ఆయన నవ్వాడు గానీ అత్తయ్య నవ్వలేదు.

నీళ్లు పోయాక జ్వరాలు వచ్చాయి, తగ్గాయి. తగ్గనిది ఇంకోటి ఉంది. వాన మోత వినబడితే అత్తయ్య లేచి కూర్చునేది. రాత్రి రెండైనా, మూడైనా తలుపు తీసి వీధిలో నీళ్లున్నాయేమో చూసి వచ్చేది. దానికి మందు రాయించుకోవాలని ఎవరికీ తోచలేదు. మరుసటి ఏడు వాళ్లమ్మాయి నాలుగు ప్లాస్టిక్ టబ్బుల్లో మట్టి నింపి, బచ్చలి, వంగ, దొండ పెట్టి వెళ్లిందట. ఇప్పుడు మిద్దె మీద ముప్పై టబ్బులు. అత్తయ్య పైకి తీసుకెళ్లి ఒక్కో మొక్కనూ చూపించింది. దొండపాదు పందిరి కింద కుర్చీ వేసుకుని కూర్చోమంది. కింద గదికీ అక్కడికీ వేడిలో తేడా తెలిసింది, పాదు కిందున్న శ్లాబు అంతగా కాలడం లేదు. నిద్ర సంగతి అడిగాను.

"ఇప్పుడు వానొస్తే ముందు మొక్కలు గుర్తొస్తాయమ్మా. వంగ తడిసిందా, పాదు వాలిందా అని. ఆ తర్వాతే భయం."

మావయ్య ఒక్క విషయంలో మాత్రం మహా కచ్చితం. టబ్బుల కింద పెట్టిన పళ్లేలన్నీ ప్రతి శుక్రవారం బోర్లిస్తాడు. డెంగీ దోమ ఎక్కువగా నిలిచిన మంచి నీటిలో గుడ్లు పెడుతుంది. ఫ్రైడే డ్రైడే అని ప్రభుత్వం వాళ్లు మైకులో చెప్పేదాన్ని తూచా తప్పకుండా పాటించేవాణ్ని ఈయన్నొక్కడినే చూశాను.

సాయంత్రం వంతెన మీంచి బుడమేరును చూశాం. ఒడ్డు ఏదో, ఇళ్లు ఎక్కడ మొదలవుతాయో చెప్పడం కష్టం. వాగుకు పొంగినప్పుడు పక్కకు వాలడానికి చోటు కావాలి, ఆ చోటు వేసవిలో పిల్లల ఆటస్థలం, వానల్లో చెరువు. అలా వదిలిన నేల ఎక్కడా కనబడలేదు. కింద కొల్లేరుకు 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల ఒప్పందం కింద గుర్తింపు ఇచ్చి కాపాడాలన్నారు. దానికి నీళ్లు తీసుకెళ్లే వాగు గతి ఇది. బాబాయి ఏమీ మాట్లాడలేదు. వంతెన రెయిలింగు పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చేతులకు వేడి తెలుస్తోంది, అదొక్కటి నయం.

నాలుగో రోజు, బుధవారం

గుంటూరులో నరాల పరీక్ష. వారధి మీదుగా వెళ్లాం, గంటలో చేరాం. ఆసుపత్రి పేరెందుకు గానీ, పెద్దదే. పరీక్షకు ముందు బాబాయిని ఒక గదిలో మూడు గంటలు పడుకోబెట్టారు. కిటికీ ఉంది. తెర తీస్తే రెండడుగుల దూరంలో పక్క బిల్డింగు గోడ, దాని మీద ఏసీ డబ్బాలు వేడిగాలి ఊదుతున్నాయి. నర్సమ్మ వచ్చి తెర వేసేసి, "చూడ్డానికేముందండీ" అంది. నిజమే.

రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 1984లో సైన్స్ పత్రికలో రాసిన చిన్న వ్యాసం అక్కడ గుర్తొచ్చింది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల రికార్డులు తీశాడు. 23 మంది కిటికీలోంచి చెట్లు కనబడేవి, అలాంటివాళ్లే మరో 23 మందికి ఇటుక గోడ. చెట్లు చూసినవాళ్లు సగటున 7.96 రోజుల్లో ఇంటికి వెళ్లారు, గోడ చూసినవాళ్లు 8.70 రోజులకు. ఘాటు నొప్పి మందులు కూడా చెట్ల వాళ్లకు తక్కువ పడ్డాయి. ఒక్క ఆసుపత్రి, నలభై ఆరుగురు మనుషులు, దాన్నే వేదం అనుకోనక్కర్లేదు. కానీ ఏసీ డబ్బాల వైపు చూస్తూ పడుకున్న మనిషి పక్కన కూర్చుంటే నమ్మబుద్ధి అవుతుంది.

రిపోర్టులో కొత్తగా చెప్పింది ఏమీ లేదు. పోయిన స్పర్శ పోయినట్టే, ఉన్నది కాపాడుకోండి, నడవండి.

బాబాయి మొహం చూసి ఉప్పలపాడు వెళ్దామన్నాను. గుంటూరు పక్కనే ఉన్న పల్లె. చెరువులో ముళ్లతుమ్మల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు. మంచి సీజను చలికాలమే, అయినా కొమ్మల మీద చాలానే ఉన్నాయి. గొడవ గొడవగా అరుస్తున్నాయి, వాసన కూడా ఉంది. ఊరి జనం ఆ అరుపులకూ, రెట్టలకూ అలవాటుపడి తమ పనుల్లో ఉన్నారు. ఒక పెలికాన్ దిగేటప్పుడు రెక్కలు విప్పి, కాళ్లు ముందుకు చాచి, నీళ్ల మీద జారుతూ వచ్చి ఆగింది.

"బ్రేకు చూశావా? ఎయిర్ బ్రేకు" అన్నాడు బాబాయి. పొద్దుట్నుంచీ ఆయన నోరు తెరిచింది అప్పుడే. గంటసేపు కూర్చున్నాం. నేను ఫోనులో ఫొటోలు తీశాను, ఒక్కటీ బాగా రాలేదు.

ఐదో రోజు, గురువారం

పొద్దున్నే లేచేసరికి బాబాయి తయారై గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "రా, ఒక చోటు చూపిస్తా."

పెద్ద దూరం కాదు. ఇంటి వెనక సందు దాటితే పాత ప్రభుత్వ క్వార్టర్ల రోడ్డు. ఇన్నాళ్లూ అటు ఎందుకు చూడలేదో ఇద్దరికీ తెలియదు. రెండు వైపులా కానుగలు. పాత ఆకు రాల్చి లేత ఆకు వేసుకున్నాయి, నీడ అప్పుడే చిక్కబడుతోంది. లేత ఊదా రంగు పూలు రోడ్డంతా రాలి, బియ్యం ఒలికినట్టున్నాయి. నాటినవాళ్లెవరో గానీ అశోకుడి పాఠం సరిగ్గా చదువుకున్నారు.

బాబాయి కరెంటు స్తంభాలు లెక్కపెట్టాడు. నాలుగో స్తంభం నుంచి పదకొండో స్తంభం దాకా నీడ. అటూ ఇటూ ఆరుసార్లు తిరిగితే నలభై నిమిషాలు. ఏడుంబావుకు ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి రెండు స్తంభాల నీడను తినేసింది.

"చెప్పులు విప్పి చూడమ్మా" అన్నాడు. విప్పాను. పూల మీద అడుగేశాను.

"ఇక్కడ?"

"చల్లగా ఉంది."

"ఆ ఎండలో?"

అక్కడికి వెళ్లి నిలబడ్డాను. "గోరువెచ్చగా."

"అయితే ఏడుకల్లా డిపోకి వచ్చెయ్యాలి."

మధ్యాహ్నం రైలుకు నేను సర్దుకుంటుంటే ఆయన టేబులు దగ్గర కూర్చుని స్కేలు పెట్టి గీతలు గీశాడు. ఫ్రిజ్ తలుపుకు అతికించాక చూశాను. ఆర్టీసీ చార్టు లాగే ఉంది. 6.10 ఇల్లు. 6.14 నాలుగో స్తంభం. 6.54 నాలుగో స్తంభం. 6.58 ఇల్లు. కింద ఆదివారం స్పెషల్: కాలవ గట్టు, వాసన లేనిచో. దాని కింద పెన్సిలుతో: ఏడు, ఎనిమిది స్తంభాలు, జూన్ దాకా మాత్రమే.

"అదేంటి బాబాయ్?"

"అక్కడ కొమ్మలు తీగలకి తగులుతున్నాయమ్మా. వానలకి ముందు కొట్టేస్తారు. అప్పుడు టైమింగ్స్ మార్చుకోవాలి."

ఆ కాగితం ఫొటో తీసి అమెరికాలో ఉన్న పిన్నికి పంపాను. అక్కడ అర్ధరాత్రి అయ్యుంటుంది. వెంటనే జవాబు వచ్చింది: మంచినీళ్ల సీసా పట్టుకెళ్తున్నాడా?